మౌస్ ముట్టకుండా స్పెల్‌చెకర్ భాషను మార్చుకోవడం ఎలా?

తెలుగులో నాలుగు పేజీలు టైపు చేసి తలెత్తి చూసేసరికి ప్రతి పదం కిందా ఎర్రటి అలల గీత కనిపిస్తే, వెంటనే మీ తెలుగును అనుమానించకండి. చాలా సందర్భాల్లో కారణం ఒకటే: మీరు రాసిన వాక్యాలను కంప్యూటరు తెలుగుగా గుర్తించడం లేదు. వాటిని హిందీ అనో ఇంగ్లీషు అనో లెక్కలో వేసుకుని, ఆ భాష నిఘంటువులో మీ పదాల కోసం వెతికి, అవి దొరకక గీతలు గీస్తోంది. ఆ లెక్కను ఎక్కడ సరిచేయాలో, కీబోర్డు మీద నుంచి చేతులు తీయకుండా అక్కడికి ఎలా చేరుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక బడి వార్షిక సంచికకు ప్రూఫులు దిద్దే పని నాకు అప్పగించారు. తెర నిండా ఉన్న ఎర్రగీతలకు విసిగి, స్పెల్‌చెకర్‌ను పూర్తిగా ఆపేసి, కళ్లతోనే చదువుకుంటూ పోయాను. సంచిక అచ్చయి వచ్చాక చూస్తే, ఆ ఏడాది కన్నుమూసిన ఉపాధ్యాయుణ్ని తలుచుకుంటూ పిల్లలు రాసిన పేజీలో "బాధ" అనే మాట మూడు చోట్ల "భాద" అని పడి ఉంది. వత్తు ఒక అక్షరం నుంచి పక్క అక్షరానికి జారిన ఇలాంటి తప్పును అలసిన కన్ను గుర్తించలేదు. అప్పటి నుంచి నేను గీతలను ఆపేయడం మానేసి, ప్రతి ఫైలులోనూ ముందుగా భాషను సరిచేసుకునే అలవాటు చేసుకున్నాను.

కీబోర్డుతోనే ఎందుకు అని అడిగేవారికి ఒక మాట. రోజంతా టైపు చేసేవారి చేతులు ఎలాగూ మీటల మీదే ఉంటాయి. ప్రతి చిన్న మార్పుకూ మౌస్ అందుకుని, మెనూ వెతికి, మళ్లీ మీటల మీదికి రావడం మణికట్టుకు శ్రమ. చూపు లేనివారికి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవారికి కీబోర్డే ప్రధానమైన దారి. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా ఏ మీట నొక్కాలో, నొక్కాక ఏం జరుగుతుందో రెండూ చెబుతున్నాను.

మూడు భాషలు, మూడు చోట్లు

కంప్యూటరులో "భాష" అనే మాట మూడు వేర్వేరు విషయాలను సూచిస్తుంది. మెనూలు, బటన్ల పేర్లు కనిపించే భాష ఒకటి. మీటలు నొక్కినప్పుడు ఏ అక్షరాలు పడాలో నిర్ణయించే కీబోర్డు భాష రెండోది. విండోస్‌లో విండోస్ మీట పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే మారేది ఇదే. మూడోది మీరు టైపు చేసిన పాఠానికి అంటుకుని ఉండే భాష. ఫైలు లోపల, బొద్దు అక్షరాల గుర్తు, అక్షరాల సైజు ఎలా దాగి ఉంటాయో, అలాగే ప్రతి పదానికీ "ఇది ఫలానా భాష" అనే గుర్తు కూడా దాగి ఉంటుంది. స్పెల్‌చెకర్ చూసేది ఈ మూడో గుర్తునే. మెనూలన్నీ తెలుగులోకి మార్చినా, కీబోర్డును తెలుగులో పెట్టినా గీతలు పోలేదని చాలామంది నిరాశపడటానికి కారణం వారు మొదటి రెండు చోట్ల వెతికి మూడో చోటుకు రాకపోవడమే.

కీబోర్డు భాషకూ పాఠం భాషకూ కొంత సంబంధం ఉన్న మాట నిజమే. విండోస్‌లో తెలుగు కీబోర్డును ఎంచుకుని వర్డ్‌లో టైపు చేస్తే, ఆ పాఠానికి సాధారణంగా తెలుగు గుర్తే పడుతుంది. అయితే మనలో చాలామంది ఇంగ్లీషు కీబోర్డు మీదే రోమన్ అక్షరాలు కొట్టి, వాటిని తెలుగుగా మార్చే పరికరాలతో రాస్తారు, లేదా వేరే చోట రాసి తెచ్చి ఫైలులో అతికిస్తారు. అప్పుడు కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి పాఠానికి తప్పుడు గుర్తు పడే అవకాశం ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు కొన్ని మీటలు గుర్తుంచుకోండి. కర్సర్ ఉన్న చోట కుడి క్లిక్ మెనూను తెరవడానికి కీబోర్డులో కుడివైపు ఉండే మెనూ మీట పనికొస్తుంది. అది లేని ల్యాప్‌టాప్‌లలో షిఫ్ట్ + ఎఫ్10 నొక్కాలి. డైలాగ్ బాక్సులో ఒక గడి నుంచి తర్వాతి గడికి ట్యాబ్, వెనక్కి షిఫ్ట్ + ట్యాబ్, టిక్కు పెట్టడానికీ తీయడానికీ స్పేస్‌బార్, మూసి ఉన్న జాబితాను తెరవడానికి ఆల్ట్ + కింది బాణం, ఏమీ మార్చకుండా బయటపడటానికి ఎస్కేప్. ల్యాప్‌టాప్‌లో ఎఫ్7 నొక్కితే స్పెల్‌చెకర్ బదులు పాట మొదలవడమో, వెలుతురు తగ్గడమో జరిగితే, ఎఫ్ఎన్ అని రాసి ఉన్న మీటను కలిపి నొక్కండి.

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో

ముందుగా లిబ్రే ఆఫీస్ గురించి, అందులో పాఠం రాసుకునే భాగమైన రైటర్ గురించి వివరంగా చెబుతాను. ఇది ఉచితంగా దొరుకుతుంది, తెలుగు నిఘంటువు దీనికి అందుబాటులో ఉంది, పైగా దీని అమరికను ఒకసారి అర్థం చేసుకుంటే మిగిలిన సాఫ్ట్‌వేర్లు తేలికవుతాయి. కింద మెనూల పేర్లను ఇంగ్లీషు మెనూలు ఉన్న రైటర్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

రైటర్ ప్రపంచ భాషలను మూడు గుంపులుగా చూస్తుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి వంటివి వెస్టర్న్ గుంపు. చైనీస్, జపనీస్, కొరియన్ ఏసియన్ గుంపు. తెలుగు, హిందీ, తమిళం, అరబిక్ వంటివి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే గుంపు. ఆసియాలో ఉన్నాం కదా అని ఏసియన్ గడిలో తెలుగు కోసం వెతికి, అది లేదనుకుని వెనుదిరిగినవారిని నేను చూశాను. తెలుగు ఉండేది మూడో గుంపులో. ఆ గుంపులో అక్షరాలు పడగానే, మీరు వేరేగా చెప్పకపోతే, రైటర్ చాలా కంప్యూటర్లలో వాటిని హిందీగా లెక్కిస్తుంది. తెలుగు పాఠం మీద హిందీ గుర్తు ఉండటానికి ఇదే మూలం.

ఈ మూలాన్ని సరిచేయడానికి ఆల్ట్ + ఎఫ్12 నొక్కండి. ఆప్షన్స్ అనే పెద్ద డైలాగ్ తెరుచుకుంటుంది. ఎడమవైపు చెట్టు కొమ్మల్లా ఒక జాబితా ఉంటుంది. కర్సర్ అక్కడ లేకపోతే ట్యాబ్‌తో అక్కడికి చేరండి. కింది బాణంతో దిగుతూ, కొత్త వెర్షన్లలో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ అనీ, పాత వెర్షన్లలో లాంగ్వేజ్ సెట్టింగ్స్ అనీ కనిపించే కొమ్మ దగ్గర ఆగి, కుడి బాణం నొక్కితే ఆ కొమ్మ విచ్చుకుంటుంది. దాని కింద మొదట ఉండే జనరల్ లేదా లాంగ్వేజెస్ అనే పేజీ మీదికి వెళ్లి, ట్యాబ్ నొక్కుతూ డిఫాల్ట్ లాంగ్వేజెస్ ఫర్ డాక్యుమెంట్స్ అనే భాగానికి రండి. అక్కడ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కన ఒక చెక్ బాక్స్ ఉండి అందులో టిక్కు లేకపోతే స్పేస్‌బార్‌తో టిక్కు పెట్టండి, అప్పుడే పక్కనున్న జాబితా పనిచేస్తుంది. ఆ జాబితా మీదికి వెళ్లి, ఆల్ట్ + కింది బాణంతో తెరిచి, తెలుగు పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు రెండు మూడు వెంటవెంటనే కొట్టండి. జాబితా తెలుగు దగ్గరికి దూకుతుంది. దూకకపోతే బాణం మీటలతో దిగండి. ఎంటర్ నొక్కితే ఎంపిక పూర్తవుతుంది.

ఇదే పేజీలో ఉన్న ఇంకో రెండు గడుల దగ్గర ఆగడం మంచిది. వెస్టర్న్ గడిలో ఇంగ్లీషు (ఇండియా) లేదా ఇంగ్లీషు (యూకే) ఉంచండి. అమెరికా ఇంగ్లీషు ఉంటే మన బడుల్లో నేర్పే స్పెల్లింగులు కొన్ని తప్పులుగా కనిపిస్తాయి. ఇక, ఈ మార్పు ఈ ఒక్క ఫైలుకే అని చెప్పే చెక్ బాక్సు కూడా ఉంటుంది. అందులో టిక్కు ఉంటే మీ ఎంపిక రేపు తెరిచే కొత్త ఫైళ్లకు వర్తించదు, కాబట్టి కావాలని పెట్టుకుంటే తప్ప దాన్ని ఖాళీగా వదిలేయండి. చివరికి ట్యాబ్‌తో ఓకే బటన్ చేరి ఎంటర్ నొక్కండి.

నిఘంటువు నిజంగా ఉందో లేదో ఇక్కడే పరీక్షించవచ్చు. కొత్త ఫైలులో "అమ్మ" అని ఒక వరసలో, అర్థం లేని "అమ్మ్మమ" అని మరో వరసలో టైపు చేయండి. రెండో దాని కింద మాత్రమే గీత పడితే అంతా సవ్యంగా ఉన్నట్టే. రెండింటి కిందా గీత పడకపోతే, షిఫ్ట్ + ఎఫ్7 ఒకసారి నొక్కి చూడండి. టైపు చేస్తుండగానే తప్పులు చూపే సౌకర్యాన్ని ఆపేదీ, మొదలుపెట్టేదీ ఆ మీటే. అప్పటికీ గీతలు రాకపోతే తెలుగు నిఘంటువు మీ కంప్యూటరులో లేదు. విండోస్‌లోనైతే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, కస్టమ్ ఎంచుకుని, నిఘంటువుల జాబితాలో తెలుగును చేర్చుకోవాలి. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలు వాడేవారికి, స్పెల్లింగ్ సరిచూసే పరికరమైన హన్‌స్పెల్ పేరుతో, చివర తెలుగును సూచించే రెండక్షరాలతో ఒక ప్యాకేజీ విడిగా దొరుకుతుంది.

ఇప్పటివరకు చేసినది కొత్త ఫైళ్ల కోసం. ఇతరులు పంపిన ఫైలులో పాత గుర్తులు అలాగే ఉంటాయి, ఆప్షన్స్‌లో మార్చినంత మాత్రాన అవి పోవు. అలాంటి ఫైలును తెరిచి కంట్రోల్ + ఎ నొక్కి మొత్తం పాఠాన్ని ఎంచుకోండి. తర్వాత ఆల్ట్ + టి నొక్కితే టూల్స్ మెనూ తెరుచుకుంటుంది. కింది బాణంతో లాంగ్వేజ్ దాకా దిగి కుడి బాణం నొక్కండి. అందులో ఫర్ సెలెక్షన్, ఫర్ పారాగ్రాఫ్, ఫర్ ఆల్ టెక్స్ట్ అనే మూడు వరసలు వస్తాయి: ఎంచుకున్న భాగానికి, కర్సర్ ఉన్న పేరాకు, మొత్తం పాఠానికి అని వాటి అర్థం. ఫర్ సెలెక్షన్ మీద మళ్లీ కుడి బాణం నొక్కితే కొన్ని భాషల పేర్లు కనిపిస్తాయి. వాటిలో తెలుగు ఉంటే దాని మీద ఎంటర్ నొక్కితే చాలు. లేకపోతే అదే జాబితా చివర ఉండే మోర్ అనే వరసను ఎంచుకోండి; అక్షరాల రూపాన్ని మార్చే క్యారెక్టర్ డైలాగ్ వస్తుంది. అందులో వెస్టర్న్ అక్షరాలకూ, కాంప్లెక్స్ అక్షరాలకూ వేర్వేరుగా ఫాంటు, సైజు, భాష గడులు ఉంటాయి. కాంప్లెక్స్ భాగంలోని భాష గడికి వెళ్లి తెలుగును ఎంచుకోండి. ఈ అమరికలో ఉన్న సుఖమేమిటంటే, మీ పేరాలో మధ్యమధ్య రోమన్ లిపిలో ఉన్న ఇంగ్లీషు పదాలు వెస్టర్న్ గుంపులోనే ఉండిపోతాయి. తెలుగు పదాలను తెలుగు నిఘంటువుతో, ఇంగ్లీషు పదాలను ఇంగ్లీషు నిఘంటువుతో రైటర్ తనంతట తానే సరిచూస్తుంది.

ఒక్క పదం విషయంలోనే ఇబ్బంది ఉంటే ఇంత దూరం రానక్కర్లేదు. గీత పడిన పదం మీద కర్సర్ ఉంచి షిఫ్ట్ + ఎఫ్10 నొక్కితే వచ్చే మెనూలో, సరైన రూపాల సూచనలతో పాటు ఆ పదానికీ, ఆ పేరాకూ భాష మార్చే వరసలు కూడా ఉంటాయి. తెలుగు లిపిలోనే ఉన్న సంస్కృత శ్లోకమో, ఏదైనా గిరిజన భాషలోని పాటో మీ వ్యాసంలో వచ్చినప్పుడు, ఆ భాగాన్ని ఎంచుకుని నన్ అనే వరసను నొక్కండి. ఆ భాగం మీద స్పెల్‌చెకర్ చూపు పడదు, చుట్టూ ఉన్న తెలుగు మీద పడుతూనే ఉంటుంది.

పుస్తకం వంటి పెద్ద పనులకు నేను స్టైల్ ద్వారానే, అంటే చాలా పేరాలకు ఒకే పేరుతో కలిపి పెట్టుకునే రూపాల మూస ద్వారానే, భాషను మారుస్తాను. ఎఫ్10 నొక్కి, కుడి బాణంతో స్టైల్స్ మెనూకు చేరి, కింది బాణంతో ఎడిట్ స్టైల్ మీదికి వెళ్లి ఎంటర్ నొక్కితే, కర్సర్ ఉన్న పేరా ఏ స్టైల్‌లో ఉందో దాని డైలాగ్ వస్తుంది. పై వరసలోని పేజీల మధ్య కంట్రోల్ + పేజ్ డౌన్‌తో కదిలి, ఫాంట్ పేజీలో కాంప్లెక్స్ భాగంలో తెలుగు ఎంచుకుంటే, ఆ స్టైల్‌లో ఉన్న వందల పేరాలు ఒక్కసారే సరవుతాయి. ఎవరైనా ఫలానా పేరాకు చేత్తో వేరే భాష గుర్తు పెట్టి ఉంటే మాత్రం స్టైల్ దాన్ని మార్చదు. అలాంటి పేరాను ఎంచుకుని కంట్రోల్ + షిఫ్ట్ + ఎమ్ నొక్కితే చేత్తో పెట్టిన రూపాలు తొలగి, పేరా స్టైల్‌కు లోబడుతుంది. బొద్దు, వాలు అక్షరాలు కూడా అప్పుడు పోతాయని గుర్తుంచుకోండి.

ఇక ఎఫ్7. ఫైలు మొదటికి కంట్రోల్ + హోమ్‌తో వెళ్లి ఎఫ్7 నొక్కితే, తప్పులను ఒక్కొక్కటిగా చూపే డైలాగ్ వస్తుంది. అందులో టెక్స్ట్ లాంగ్వేజ్ అనే గడి ఉంటుంది. ప్రస్తుతం చూపిస్తున్న వాక్యానికి ఏ భాష గుర్తు ఉందో అది చెబుతుంది. గీతలకు కారణం ఏమిటో అర్థం కానప్పుడు నేను ముందుగా చూసేది ఆ గడినే. తెలుగు వాక్యం పక్కన అక్కడ హిందీ అని కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు, రోగం దొరికినట్టే.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో

వర్డ్‌లో దారి పొట్టిది. సరిచేయాల్సిన భాగాన్ని ఎంచుకోండి: మొత్తానికి కంట్రోల్ + ఎ, ఒక్కో పదానికి కంట్రోల్ + షిఫ్ట్ + కుడి బాణం. తర్వాత ఆల్ట్ నొక్కి వదలండి. పై పట్టీలో ప్రతి ట్యాబు మీదా ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం వెలుగుతుంది. ఆర్ నొక్కితే రివ్యూ పట్టీ తెరుచుకుంటుంది. అందులో యు నొక్కితే లాంగ్వేజ్ బటన్, దాని కింద ఎల్ నొక్కితే సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ డైలాగ్ వస్తాయి. వెర్షన్‌ను బట్టి ఈ అక్షరాలు వేరుగా ఉంటే, తెర మీద వెలిగిన అక్షరాన్నే నమ్మండి.

డైలాగ్ తెరుచుకోగానే కర్సర్ భాషల జాబితా మీదే ఉంటుంది. తెలుగు పేరు మొదటి అక్షరాలు కొట్టి దాని మీదికి వెళ్లండి. పేరు పక్కన చిన్న టిక్కుతో ఉన్న అక్షరాల బొమ్మ కనిపిస్తే, ఆ భాషకు తప్పులు దిద్దే సామగ్రి మీ కంప్యూటరులో ఉందని అర్థం. అది లేకపోతే తెలుగును ఎంచుకున్నా గీతలు పోతాయే తప్ప తప్పులు దొరకవు. అప్పుడు ఆల్ట్, ఎఫ్, టి వరసగా నొక్కి ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజ్ పేజీలో తెలుగును చేర్చి, ప్రూఫింగ్ సామగ్రిని దించుకోవాలి.

జాబితా కింద రెండు చెక్ బాక్సులు ఉంటాయి. స్పెల్లింగునూ వ్యాకరణాన్నీ చూడవద్దని చెప్పేది ఒకటి. దానిలో పొరపాటున టిక్కు ఉంటే ఫైలంతా శుభ్రంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఇతరుల నుంచి వచ్చిన ఫైళ్లలో ఈ టిక్కును నేను తప్పక చూస్తాను. భాషను వర్డ్ తనంతట తానే గుర్తించేలా చేసేది రెండోది. తెలుగు, ఇంగ్లీషు కలిసి ఉన్న చిన్న చిన్న వాక్యాల్లో ఈ గుర్తింపు తప్పుతూ ఉంటుంది, మీరు పెట్టిన భాషను అదే మళ్లీ మార్చేస్తుంది. అందుకని స్పేస్‌బార్‌తో ఆ టిక్కు తీసేయడం మంచిదని నా అనుభవం. చివరగా ఎంటర్ నొక్కండి. సెట్ యాజ్ డిఫాల్ట్ బటన్ నొక్కితే మాత్రం, ఇకపై తెరిచే కొత్త ఫైళ్లకు కూడా ఈ భాషే వర్తించాలా అని వర్డ్ అడుగుతుంది. ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు కూడా ఇదే కంప్యూటరు మీద రాసేవారు దానికి ఒప్పుకోకపోవడమే మేలు.

భాష సరిపడ్డాక ఆల్ట్ + ఎఫ్7 నొక్కుతూ ఒక తప్పు నుంచి తర్వాతి తప్పుకు దూకవచ్చు. ప్రతి చోటా సూచనల మెనూ తెరుచుకుంటుంది, బాణంతో దిగి ఎంటర్ నొక్కితే పదం మారుతుంది. ఎన్‌వీడీఏ వంటి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవారు, డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగులలో స్పెల్లింగ్ తప్పులను ప్రకటించే ఎంపికను ఉంచుకుంటే, తప్పు పదం మీదికి రాగానే ఆ విషయం చెవిన పడుతుంది. ఎర్రగీత కనిపించనివారికి ఆ ప్రకటనే గీత. అయితే భాష గుర్తు తప్పుగా ఉన్న ఫైలులో ప్రతి పదానికీ ఆ ప్రకటన వినాల్సి వస్తుంది. కంటితో చూసేవారు గీతలను పట్టించుకోకుండా చదువుకుపోగలరు, వినేవారికి ఆ వెసులుబాటు లేదు. మీ ఫైలు అలాంటివారి చేతికి వెళ్లే అవకాశం ఉంటే, పంపే ముందు భాషను సరిచేసి పంపండి.

ఫైర్‌ఫాక్స్‌లో రాసేటప్పుడు

ఈమెయిలో, దరఖాస్తో నేరుగా బ్రౌజరులో రాసేవారికి ఫైర్‌ఫాక్స్‌లో పని తేలిక. రాసే గడిలో కర్సర్ ఉంచి షిఫ్ట్ + ఎఫ్10 నొక్కండి. చెక్ స్పెల్లింగ్ అనే వరసలో టిక్కు ఉందో లేదో చూడండి. దాని దగ్గరే ఉండే లాంగ్వేజెస్ మీద కుడి బాణం నొక్కితే, మీ దగ్గరున్న నిఘంటువుల పేర్లు వస్తాయి; కావలసిన దాని మీద ఎంటర్ నొక్కండి. కొత్త నిఘంటువు కావాలంటే యాడ్ డిక్షనరీస్ అనే వరస ఉంది. ఒకే వరస పట్టే చిన్న గడుల్లో ఫైర్‌ఫాక్స్ మామూలుగా స్పెల్లింగ్ చూడదు, అనేక వరసలు రాసే పెద్ద గడుల్లోనే చూస్తుంది. పేరు, ఊరు రాసే గడిలో గీత రాలేదని కంగారుపడకండి.

భాష సరిచేసినా గీతలు మిగిలితే

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ రెండూ వాడే హన్‌స్పెల్ అనే పరికరాన్ని హంగేరియన్ భాష కోసం లాస్లో నేమెత్ రూపొందించారు. పదానికి ప్రత్యయాలు వరసగా చేరే భాష అది కాబట్టి, హన్‌స్పెల్ ఒక ఫైలులో మూల పదాలనూ, మరో ఫైలులో వాటికి చేరే ప్రత్యయాల నియమాలనూ ఉంచుకుంటుంది. తెలుగుకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది, కానీ మనం ప్రత్యయాలతో ఆగం. "వెళ్లలేకపోయినందువల్లనేమో" అని ఒకే మాటగా రాస్తాం, "ఊరెళ్లిపోయాడట" అని రెండు మూడు మాటలను సంధితో కలిపేస్తాం. ఇలాంటి రూపాలన్నీ ఏ నిఘంటువులోనూ పట్టవు. కాబట్టి పొడవాటి పదం కింద గీత కనిపిస్తే కంగారు వద్దు. పదాన్ని మనసులో విడదీసి చూసి, సరిగ్గా ఉంటే వదిలేయండి. పొట్టి పదం కింద గీత కనిపిస్తే మాత్రం తప్పక ఆగి చూడండి. "భాద", "కృతజ్ఙత" వంటివి దొరికేది అక్కడే.

మళ్లీ మళ్లీ వచ్చే ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, వృత్తి పదాలను సొంత నిఘంటువులో చేర్చుకోండి. రైటర్‌లో ఆల్ట్ + ఎఫ్12 నొక్కి, భాషల కొమ్మ కింద రైటింగ్ ఎయిడ్స్ పేజీకి వెళ్లి, యూజర్ డిఫైన్డ్ డిక్షనరీస్ దగ్గర న్యూ నొక్కి, ఒక పేరు ఇచ్చి, భాషగా తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత గీత పడిన పదం మీద షిఫ్ట్ + ఎఫ్10 నొక్కి యాడ్ టు డిక్షనరీ ద్వారా చేర్చవచ్చు. చేర్చే ముందు పదాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి, ఎందుకంటే తప్పు రూపాన్ని ఒకసారి చేర్చాక ఆ తప్పును కంప్యూటరు మళ్లీ ఎప్పుడూ చూపదు.

చూడటానికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండే పదాలు మరో చిక్కు. "దు:ఖం" అని విసర్గ బదులు ఇంగ్లీషు కోలన్ కొట్టినవారి పాఠంలో ఆ పదం రెండు ముక్కలై, రెండూ అర్థం లేనివిగా లెక్కకు వస్తాయి. విసర్గతో "దుఃఖం" అని కొడితే గీత పోతుంది. అలాగే "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట తర్వాత వ అక్షరం కింద వత్తుగా చేరకుండా ఉండటానికి, మధ్యలో కనిపించని విడగొట్టే గుర్తు ఒకటి ఉంటుంది. నిఘంటువులో ఉన్న రూపంలో ఆ గుర్తు లేక, మీ పదంలో ఉంటే, కంటికి ఏ తేడా తెలియకుండానే గీత పడవచ్చు. కర్సర్‌ను ఆ పదంలో ఒక్కో అక్షరం చొప్పున బాణంతో కదిపి చూడండి. ఒక చోట బాణం నొక్కినా కర్సర్ కదలనట్టు అనిపిస్తే, ఆ గుర్తు అక్కడ ఉండే అవకాశం ఉంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పాత డీటీపీ ఫైళ్లది. అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పాఠం మనకు తెలుగులా కనిపించినా, ఫైలు లోపల ఉన్నవి రోమన్ అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. స్పెల్‌చెకర్‌కు ఆ వేషం కనిపించదు కాబట్టి, ఎన్నిసార్లు తెలుగు అని గుర్తు పెట్టినా ఫలితం ఉండదు. మీ ఫైలు అలాంటిదో కాదో తేల్చుకోవాలంటే ఒక వాక్యాన్ని ఎంచుకుని కంట్రోల్ + సి నొక్కండి. విండోస్ + ఆర్ నొక్కి, వచ్చిన గడిలో నోట్‌ప్యాడ్ పేరును ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేయండి. తెరుచుకున్న ఖాళీ పేజీలో కంట్రోల్ + వి నొక్కండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్ పాఠం, అంటే ఫైలు లోపల కూడా నిజమైన తెలుగు అక్షరాలే ఉన్న పాఠం; పైన చెప్పినవన్నీ దానికి వర్తిస్తాయి. అర్థం కాని రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తే అది పాత ఫాంటు పాఠం. దాన్ని ముందు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, సున్నలు, అంకెలు చెదిరిపోలేదని చదివి చూసుకుని, అప్పుడు తెలుగు గుర్తు పెట్టండి. మార్చే తీరిక లేకపోతే, అలాంటి ఫైలులో మొత్తం పాఠాన్ని ఎంచుకుని రైటర్‌లో నన్, వర్డ్‌లో స్పెల్లింగ్ చూడవద్దనే చెక్ బాక్సు ఎంచుకుని, ఆ ఫైలును మాత్రం కళ్లతోనే, వీలైతే ఇద్దరు మనుషులు కూర్చుని ఒకరు పైకి చదువుతుండగా మరొకరు చూస్తూ దిద్దండి.